ఐదు గంటల్లో ఏడు చోట్లు: చెన్నై సిటీ టూర్ బస్సు ఎక్కేముందు

చెన్నైకి మనవాళ్లు వచ్చే పనులు కొత్తవేం కావు. ఆసుపత్రి, వీసా ఇంటర్వ్యూ, పెళ్లి పట్టుచీరలు, తిరుపతి నుంచి తిరుగుదారి. పని అయిపోయాక రాత్రి రైలుకి ఇంకా ఐదారు గంటలు మిగులుతాయి. సెంట్రల్, ఎగ్మూరు చుట్టుపక్కల లాడ్జీ కౌంటర్ల మీద ‘హాఫ్ డే సిటీ టూర్’ కాగితం కంటపడేది సరిగ్గా అప్పుడే. ఎక్కవచ్చా అంటే ఎక్కవచ్చు, కాకపోతే ఆ రోజు ఏ వారమో చూసుకుని. శుక్రవారమైతే మాత్రం వద్దు.

ఈ టూర్లు రెండు రకాలు. ఒకటి తమిళనాడు పర్యాటక సంస్థది. దాని ఆఫీసు చేపాక్కంలో వాలాజా రోడ్డు మీద ఉంది, గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచిపోవచ్చు. రెండోది ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లు నడిపేది. చూపించే చోట్లు రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే: జార్జి కోట, ఎగ్మూరు మ్యూజియం, వళ్లువర్ కోట్టం, గిండీ పాముల పార్కు, మైలాపూరు కపాలీశ్వరుడి గుడి, శాంథోమ్ చర్చి, చివర్లో మెరీనా. తేడా వచ్చేది దుకాణం దగ్గర. ప్రైవేటు బస్సుల్లో చాలావాటికి దారిలో ఒక ‘ఎంపోరియం’ ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తరు.

లెక్క వేసి చూడండి. ఐదు గంటలంటే 300 నిమిషాలు. లాడ్జీల దగ్గర జనాన్ని ఎక్కించుకోవడానికి అరగంట. చోటుకీ చోటుకీ మధ్య ట్రాఫిక్‌లో కనీసం గంటన్నర. దుకాణంలో 40 నిమిషాలు. మిగిలింది 140 నిమిషాలు, చోట్లు ఏడు. అంటే ఒక్కోదానికి 20 నిమిషాలు. అందులోనే దిగాలి, టికెట్ తీసుకోవాలి, చెప్పులు విడవాలి, పిల్లవాణ్ణి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాలి, మళ్లీ ఎక్కాలి. మెరీనాకి, వళ్లువర్ కోట్టానికి 20 నిమిషాలు చాలు. ఎగ్మూరు మ్యూజియాన్ని 20 నిమిషాల్లో చూడటమంటే పెళ్లికి వెళ్లి చెప్పుల స్టాండు చూసి రావడమే.

కాబట్టి టికెట్ ఎంత అని అడిగే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ప్రవేశ రుసుములు టికెట్‌లో కలిసి ఉన్నాయా? చాలావాటిలో ఉండవు. కెమెరా రుసుము కూడా విడిగానే. గైడు బస్సులోంచే మాట్లాడతాడా, మనతో పాటు దిగుతాడా? షాపింగ్ ఆగడం ఎన్నిసార్లు? చివర ఎక్కడ దింపుతారు, ఎక్కించుకున్న చోటా, మెరీనాలోనా? కనీసం ఇంతమంది రాకపోతే ట్రిప్పు రద్దు అనే షరతు ఉందా, ఉంటే డబ్బు అదే రోజు వెనక్కిస్తారా? ఈ ఐదింటికీ జవాబు కాగితం మీద రాయించుకుంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు. గైడు తమిళం, ఇంగ్లిషు మాట్లాడతాడు. తెలుగు వచ్చినవాళ్లు కూడా ఈ ఊళ్లో తక్కువేం లేరు, బస్సు ఎక్కగానే ‘తెలుగు వచ్చాండి?’ అని అడిగేయండి. అడగకపోతే వాళ్లంతట వాళ్లు మాట్లాడరు.

ఇక వారాల సంగతి. ఈ ఊరి టూర్లు బోల్తా పడేది ట్రాఫిక్ వల్ల అనుకుంటారు గానీ, అంతకంటే ఎక్కువగా సెలవు రోజుల వల్ల. శుక్రవారం కోటలోని మ్యూజియం మూత, ఎగ్మూరు మ్యూజియమూ మూతే. సగంరోజు టూర్‌లో చూడదగ్గ రెండు గొప్ప వస్తువులూ ఒకే రోజు తలుపులు వేసుకుంటాయన్నమాట. ఆ రోజు కూడా బస్సులు బయల్దేరుతాయి, బయటి నుంచి భవనం చూపించి ముందుకు పోతాయి, టికెట్ ధర మాత్రం తగ్గదు. మంగళవారం గిండీ పాముల పార్కు, పక్కనే ఉన్న పిల్లల పార్కు, వండలూరు జంతుప్రదర్శనశాల, ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీది పాత ఇళ్ల ప్రదర్శనశాల దక్షిణచిత్ర సెలవు. సోమవారం మెరీనా లైట్‌హౌస్, మహాబలిపురం దారిలోని మొసళ్ల పార్కు మూసి ఉంటాయి. ఇవన్నీ తీసేస్తే ఏ అడ్డూ లేనివి బుధ, గురు, శని, ఆదివారాలు. ఆదివారం సాయంత్రం మెరీనాకి ఊరంతా వస్తుంది, బస్సు బీచి పక్కనే సాగే కామరాజర్ రోడ్డు దాటడానికే చాలా సమయం పడుతుంది. అందుకని బుధవారం, గురువారం మేలు.

రెండో గండం మధ్యాహ్నం గుడి మూత. కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నర మధ్య మూస్తే మళ్లీ తెరిచేది నాలుక్కి. ట్రిప్లికేన్ పార్థసారథి గుడి కూడా అంతే. ఉదయం టూర్‌లో గుడి చివర్లో ఉంటే తలుపు వేస్తున్న వేళకి చేరతారు. మధ్యాహ్నం టూర్‌లో మొదట్లో ఉంటే తాళమే దర్శనం. అందుకే ఉదయం బస్సయితే గుడి ముందు, మ్యూజియం తర్వాత ఉండాలి. మధ్యాహ్నం బస్సయితే మ్యూజియం ముందు, గుడి తర్వాత. ఎగ్మూరు మ్యూజియం సాయంత్రం ఐదుకి మూస్తారు, టికెట్ కౌంటర్ అంతకంటే ముందే కట్టేస్తారు. మధ్యాహ్నం టూర్‌లో మ్యూజియాన్ని నాలుగున్నరకి పెట్టిన షెడ్యూలు కనిపిస్తే ఆ టూర్ వేసినవాడికి ఊరు తెలియదని అర్థం, లేదా బాగా తెలుసని.

కోట

జార్జి కోట ఇప్పటికీ సచివాలయం, శాసనసభ ఉన్న చోటు. లోపలికి వెళ్లేటప్పుడు తనిఖీ ఉంటుంది, సంచులు తెరిపిస్తారు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, పెద్ద సామాను వెంట తీసుకెళ్లకండి. శాసనసభ నడుస్తున్న రోజుల్లో బందోబస్తు ఇంకా గట్టిగా ఉంటుంది, బస్సు ఆపే చోటు కూడా దూరమవుతుంది. సచివాలయం వైపు కెమెరా ఎత్తితే పోలీసులు పిలుస్తారు.

గైడ్లు ఇక్కడ చెప్పేది ఎక్కువగా క్లైవు కథ. కథ మొదలైంది అంతకంటే వందేళ్ల ముందు, అదీ మన తెలుగు నాయక రాజుల దగ్గర. 1639 ఆగస్టు 22న ఈ ఇసుక తీరాన్ని ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి రాసిచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు. మధ్యవర్తిగా నడిచిన దుబాసీ బేరి తిమ్మన్న. వేంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం. మరుసటి ఏడాది ఏప్రిల్ 23న, సెయింట్ జార్జి పండగ నాడు, కోట మొదటి భాగం పూర్తయింది కాబట్టి ఆ పేరు. ఇవి గైడు నోట వినాలంటే మీరే అడగాలి.

లోపల చూడాల్సింది ముఖ్యంగా రెండు. ఒకటి 1680లో తెరిచిన సెయింట్ మేరీస్ చర్చి. గోడలు నాలుగడుగుల మందం, పైకప్పు ఫిరంగి గుండుకి తట్టుకునేలా కట్టిన కమాను. 1753లో క్లైవు పెళ్లి ఇక్కడే జరిగింది, బస్సువాళ్లు ఆ ఒక్క ముక్క చెప్పి బయటికి తీసుకొచ్చేస్తారు. బయట ఆవరణలో కాళ్ల కింద పరిచిన రాళ్లు చూడండి. అవన్నీ సమాధి రాళ్లు. పాత శ్మశానం కోట బయట ఉండేది. 1758-59 ముట్టడిలో ఫ్రెంచి సైన్యం ఆ సమాధుల్నే చాటుగా వాడుకుంది. మళ్లీ ఆ అవకాశం ఇవ్వకూడదని ఇంగ్లిషువాళ్లు రాళ్లు పీకి తెచ్చి ఇక్కడ పరిచారు. లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ రాతలు ఇంకా కనిపిస్తాయి.

రెండోది కోట మ్యూజియం, పురావస్తు శాఖది. 1795లో కట్టిన వర్తకుల భవనం ఇది. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన జెండా ఇక్కడ అద్దాల వెనక ఉంది. తూర్పుకోస్తా జిల్లాల వాళ్లకి కూడా ఆ రోజు రాజధాని ఇదే కదా. మెట్ల దగ్గర కార్న్‌వాలిస్ విగ్రహం ఉంది. పీఠం మీద టిప్పు కొడుకుల్ని బందీలుగా అప్పగిస్తున్న దృశ్యం చెక్కి ఉంటుంది. విగ్రహాన్ని వదిలి పీఠం చూడండి. చర్చి, మ్యూజియం కలిపి గంటన్నర పడుతుంది, టూర్‌లో అరగంట ఇస్తే ఎక్కువ.

ఎగ్మూరు మ్యూజియం

ఈ ఊరికి ఒక్కసారే వచ్చి ఒక్కటే చూడగలిగే వీలుంటే, తెలుగువాళ్లు చూడాల్సింది ఇదే. 1851లో మొదలైంది, కలకత్తా తర్వాత దేశంలో రెండో పాత మ్యూజియం. ఆవరణలో అరడజను భవనాలున్నాయి. టూర్ గైడు నేరుగా తిమింగలం అస్థిపంజరం వైపు, పిల్లల మ్యూజియం వైపు తీసుకెళ్తాడు, పిల్లలు కుదురుగా ఉంటారు కాబట్టి. అక్కడ విడిపోండి. ఏ టైముకి బస్సు కదులుతుందో అడిగి, మీరు మాత్రం ముందుగా అమరావతి శిల్పాల గదికి వెళ్లండి.

ధరణికోట పక్కన ఉన్న అమరావతి స్తూపం పలకలు మూడు నాలుగు చోట్లకి చెదిరిపోయాయి. 1797లో కాలిన్ మెకంజీ మొదట చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపించాడు. వాటిలో పెద్ద భాగం తర్వాత లండన్‌కి పోయింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలావరకు ఇక్కడికి చేరాయి. పల్నాటి సున్నపురాయి ఇది, పాలరాయి కాదు. ఆకుపచ్చ చాయ కలిసిన తెలుపు. గైడు ‘మార్బుల్’ అంటే నవ్వి ఊరుకోండి, పాత ఇంగ్లిషు పుస్తకాల్లోనూ అలాగే రాశారు.

అన్నీ చూడాలని చూడకండి, కళ్లు అలిసిపోతాయి. గుండ్రటి పతకాల్లాంటి రెండు పలకల్ని వెతకండి. ఒకదాంట్లో మదమెక్కిన నాళాగిరి ఏనుగు. అది కథని రెండుసార్లు చెబుతుంది: ఎడమ వైపు ఏనుగు మనిషిని తొండంతో ఎత్తి విసురుతుంటే మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు చూస్తుంటారు, కుడి వైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకాళ్లు వంచి ఉంటుంది. రెండోది భిక్షాపాత్రని దేవతలు ఎత్తుకుని ఆకాశానికి తీసుకెళ్తున్న పలక. ఒక్క ముఖం కూడా ఇంకోదానిలా ఉండదు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని పాత పలకలు, రూపం ఇచ్చిన కొత్త పలకలు రెండూ ఇక్కడ ఉన్నాయి. ఖాళీ సింహాసనం, పాదముద్రలు కనిపిస్తే అది పాత పద్ధతి. ఇంత తెలిస్తే చాలు, మిగతావి వాటంతట అవే విప్పుకుంటాయి. ముప్పావుగంట ఇవ్వండి.

తర్వాత కంచు విగ్రహాల భవనం. తిరువాలంగాడు నటరాజు దగ్గర జనం ఉంటారు. జనం లేని చోట తిరువెణ్కాడు అర్ధనారీశ్వరుడు ఉంటాడు. చుట్టూ తిరిగి వెనకనించి చూడండి, నడుం ఒంపు ఒక వైపే ఉంటుంది. వడక్కుప్పనైయూరు రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడి జట్టులో హనుమంతుణ్ణి చూడకుండా రావొద్దు. పక్కనే ఎర్రరాతి నేషనల్ ఆర్ట్ గ్యాలరీ భవనం ఉంది, 1909లో పూర్తయినది, వాస్తుశిల్పి హెన్రీ ఇర్విన్ నమూనా. టైము లేకపోతే బయటి నుంచి చూసినా చాలు.

మ్యూజియానికి బస్సు అక్కర్లేదు అసలు. సెంట్రల్ నుంచి పచ్చలైన్ మెట్రోలో ఒక్కటే స్టేషన్ ఎగ్మూరు, అక్కడి నుంచి పాంథియన్ రోడ్డుకి నడక లేదా ఆటో. ఆటో అంటే యాప్‌లో పెట్టుకోండి. మీటరు వేయమంటే డ్రైవర్లు ఆశ్చర్యంగా చూస్తారు. 2013లో ప్రభుత్వం 25 రూపాయల కనీస ధర పెట్టింది గానీ, రోడ్డు మీద అది నిలవలేదు.

మిగతా ఐదు

మైలాపూరు గుడి గోపురం దాదాపు 120 అడుగులు, 1906లో లేచింది. గుడి మాత్రం పాతది. అంతకుముందు సముద్రం ఒడ్డున ఉన్న గుడిని పోర్చుగీసువాళ్లు కూల్చాక ఇక్కడ మళ్లీ కట్టారు. దర్శనం కంటే చుట్టూ ఉన్న మాడవీధుల్లో తిరగడానికి టైము ఇవ్వండి. ఇత్తడి దీపాలు, జడకుచ్చులు, బొమ్మల కొలువు బొమ్మలు అక్కడ దొరికినంత బాగా టూర్ ఎంపోరియంలో దొరకవు, ధర కూడా అంత ఉండదు. పార్థసారథి గుడి టూర్లలో చాలాసార్లు ఉండదు, ఉంటే అదృష్టం. మూలవిరాట్టు పేరు వేంకటకృష్ణుడు, నల్లటి ముఖం మీద తెల్లటి మీసాలు. ఉత్సవమూర్తి ముఖం మీద మచ్చలు భీష్ముడి బాణాలు తగిలినవని చెబుతారు. ప్రసాదం చక్కెర పొంగలి. గుడి నుంచి ట్రిప్లికేన్ హైరోడ్డుకి వస్తే రత్నా కేఫ్ ఉంది. అక్కడ ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోస్తారు, అడిగితే మళ్లీ పోస్తారు. గుడి మూసి ఉన్న వేళ కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

శాంథోమ్ చర్చి ఇప్పటి రూపం 1896ది. క్రీస్తు శిష్యుడు థామస్‌దని చెప్పే సమాధి గది కింద, విడి దారిలో ఉంటుంది, పైనుంచి చూసి వచ్చేసే వాళ్లే ఎక్కువ. వళ్లువర్ కోట్టం 1976లో కట్టిన 128 అడుగుల రాతి రథం, తిరువళ్లువర్ 1330 కురళ్ పద్యాలూ చెక్కి ఉంటాయి. తమిళం చదవలేనివాళ్లకి పదిహేను నిమిషాలు. పాముల పార్కు పిల్లలతో ఉంటేనే.

మెరీనాలో సాయంత్రం ఐదు దాటాక దిగండి. రోడ్డు నుంచి నీళ్ల దాకా మెత్తటి ఇసుకలో చాలా దూరం, పెద్దవాళ్లకి మోకాళ్లు పట్టేస్తాయి. చక్రాల కుర్చీల కోసం వేసిన చెక్కబాట ఉంది, ఎక్కడుందో డ్రైవర్‌ని అడిగి అక్కడే దిగండి. ఇక్కడ స్నానం నిషేధం, అది ఉత్తి బోర్డు మాట కాదు. అల లోపలికి లాగుతుంది, పోలీసులు విజిల్ వేసేది అందుకే. అణ్ణాదురై, ఎంజీఆర్, కరుణానిధి, జయలలిత సమాధులు ఉత్తరం వైపు వరసగా ఉంటాయి. లైట్‌హౌస్ దక్షిణం చివర. దానికి లిఫ్టు ఉంది, కాబట్టి మోకాళ్ల భయం అక్కర్లేదు, కానీ సాయంత్రం ఐదుకే మూసేస్తారు. బస్సు మెరీనా చేరే వేళకి అది ఎప్పుడూ మూసే ఉంటుంది. టూర్ కాగితం మీద దాని బొమ్మ వేయడం మాత్రం మానరు.

కంచి, మహాబలిపురం ఒకే రోజులో

రోజంతా టూర్లలో ఎక్కువ అమ్ముడుపోయేది ఇదే, ఎక్కువ నిరాశపరిచేదీ ఇదే. కారణం వరస. ఉదయం కంచి, మధ్యాహ్నం మహాబలిపురం అని పెడతారు. గుళ్లు మధ్యాహ్నం మూస్తారు కాబట్టి అది తప్పదు. కానీ దాని దెబ్బ మహాబలిపురంలో అర్జున తపస్సు మీద పడుతుంది, ఆ శిల్పం తూర్పుముఖం. పొద్దున ఎండ నేరుగా పడినప్పుడు ఆ దాదాపు 27 మీటర్ల బండ మీద ప్రతి రేఖా లేస్తుంది. మధ్యాహ్నం మూడున్నరకి చేరితే నీడలో చదునుగా కనిపిస్తుంది. సముద్రపు గుడి కూడా ఉదయానిదే. పంచరథాలు మాత్రం పడమరముఖం, అవి సాయంత్రం వెలుగులో బాగుంటాయి. బస్సులో వెళ్తే కనీసం పంచరథాల దగ్గర ఎక్కువసేపు గడపండి. తపస్సు దగ్గర ఫోటో రాలేదని బాధపడకుండా, నిలబడి తపస్సు చేస్తున్న పిల్లిని, దాని చుట్టూ చేరిన ఎలుకల్ని పిల్లలకి చూపించండి.

పురావస్తు శాఖ టికెట్ క్యూఆర్ కోడ్‌తో ఫోన్‌లో తీసుకుంటే కొంచెం తక్కువ, క్యూ కూడా తప్పుతుంది. సముద్రపు గుడి దగ్గర తీసుకున్న టికెట్టే అదే రోజు పంచరథాల దగ్గర చెల్లుతుంది, పారేయకండి. తెరిచేది ఉదయం ఆరు, మూసేది సాయంత్రం ఆరు. సొంతంగా వెళ్లేవాళ్లకి తాంబరం నుంచి 515 నంబరు బస్సు, తిరువాన్మియూరు వైపు నుంచి ఈసీఆర్ బస్సులు ఉన్నాయి. ఉదయం ఏడున్నరకల్లా చేరితే పదికల్లా ఎండ ముదిరేలోగా అంతా అయిపోతుంది. తిరుగుదారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. దక్షిణాది పాత ఇళ్లని విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన చోటు అది. ఉత్తరాంధ్ర చుట్టిల్లు, నల్లగొండ వైపు ఇక్కత్ నేతకారుడి ఇల్లు అక్కడ ఉన్నాయి. టూర్ బస్సులు ఆగవు.

కంచిలో బస్సు తప్పకుండా ఆగేది చీరల షాపు దగ్గర. ఆగడం తప్పు కాదు, తొందర తప్పు. కంచి పట్టు గొప్పతనం కుట్టు బార్డర్‌లో ఉంది. ఒళ్లూ అంచూ వేరువేరు రంగుల పోగులతో, మూడు నాడెలతో నేస్తారు, పక్కన ఇంకో మనిషి సాయం ఉండాలి. చీర తిరగేసి అంచు కలిసే చోట వేలు పెట్టి రుద్దండి. పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్న గరుకు గీత తగిలితే అది కుట్టు బార్డర్. నున్నగా జారిపోతే కాదు. కాదంటే చెడ్డదని కాదు, ధర మాత్రం అది కాకూడదు. సిల్క్‌మార్క్ చీటీ పట్టు అసలుదని చెబుతుంది, జరీ గురించి చెప్పదు. జరీ వెండితోనా, రాగితోనా, ఉత్త పాలిస్టర్‌తోనా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. బస్సు హారన్ కొడుతున్నప్పుడు ఎవరూ రాయించుకోరు, షాపు వాడికీ అది తెలుసు. పెళ్లి చీరలకైతే టూర్‌లో కాకుండా విడిగా ఒక రోజు పెట్టుకోవాలి.

కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లి, వెండి బల్లి కోసం వరస నిలబడే ముందు కైలాసనాథ గుడి టూర్‌లో ఉందో లేదో చూసుకోండి. మహాబలిపురం సముద్రపు గుడి కట్టిన రాజసింహుడే దాన్నీ కట్టించాడు. చాలా టూర్లు ఊరి చివరని చెప్పి దాన్ని ఎత్తేస్తాయి. అది లేని కంచి టూర్ కొనకండి.

నడిచే టూర్లు, బస్సు ఆగని మద్రాసు

జార్జిటౌన్‌లో, మైలాపూరులో పొద్దున ఆరున్నరకి మొదలయ్యే నడక టూర్లు ఉన్నాయి. రెండు, రెండున్నర గంటలు. ఇంగ్లిషులో చెబుతారు, టికెట్ బస్సు కంటే ఖరీదే. అయినా గంటకి ఇంత చూశాం అన్న లెక్క వేస్తే ఇవే చవక. పదిహేను మందికి మించిన జట్టులో చేరకండి, ప్యారిస్ కార్నర్ సందుల్లో వెనకవాళ్లకి ఒక్క ముక్క వినపడదు. ఆగస్టు 22 చుట్టూ మద్రాసు దినం వేడుకల్లో వీటిలో కొన్ని ఉచితం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, నవంబరులో బుక్ చేస్తే రద్దు షరతు చదువుకోండి. మే నెలలో కత్తిరి ఎండల్లో ఏ నడకా వద్దు.

ఏ బస్సూ ఆగని చోట్లు ఇంకో రెండు మైలాపూరులోనే ఉన్నాయి. లజ్ చర్చి రోడ్డు మీద నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనం తయారుచేసి, ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పేరది. 1908లో బొంబాయిలో మొదలైన ఆ పత్రిక 1914లో ఈ ఊరికే వచ్చింది. పార్కు పొద్దున, సాయంత్రం నడిచేవాళ్లతో నిండి ఉంటుంది, గుడి నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. రెండోది రాయపేట హైరోడ్డులో 126 నంబరు ఇల్లు, పొట్టి శ్రీరాములు స్మారక భవనం. అప్పట్లో బులుసు సాంబమూర్తి ఇల్లది. 1952 అక్టోబరు 19న అక్కడ మొదలైన దీక్ష 58 రోజులకి, డిసెంబరు 15 రాత్రి, ఆయన ప్రాణంతో ముగిసింది. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకి వెళ్లింది. ఆటో డ్రైవర్‌కి పేరు చెబితే తెలియకపోవచ్చు, రాయపేట హైరోడ్డు, మైలాపూరు వైపు అని చెప్పి నంబరు చూసుకుంటూ వెళ్లండి. తిరుమయిలై రైల్వే స్టేషన్ నుంచి కూడా దగ్గరే.

సామాను గురించి ఒక మాట. సెంట్రల్ క్లోక్‌రూమ్‌లో తాళం వేయని సంచి తీసుకోరు, ప్రయాణం టికెట్ కూడా చూపించాలి. జిప్పు సంచికి చిన్న తాళం ముందే కొనుక్కోండి. తిరుగు టికెట్ మీద స్టేషన్ పేరు మరోసారి చదవండి: చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు సెంట్రల్ నుంచి కాదు, తాంబరం నుంచి బయల్దేరుతుంది. నెల్లూరు, విజయవాడ వైపు ప్రభుత్వ బస్సులు మాధవరం బస్టాండ్ నుంచి. మెరీనాలో ఆరున్నరకి దింపిన టూర్ బస్సు నుంచి మాధవరానికి ఆ వేళప్పుడు గంటకి పైనే పడుతుంది, ఎనిమిది లోపు బస్సుంటే మెరీనా మానేయండి.